కీళ్ళు లేని బొమ్మలు

మొన్న మా ఆఫీసులో ఒకాయన గృహప్రవేశానికి వెళ్ళాను. ఆయన ఇల్లంతా తిప్పి చూపించి, చివరికి తన గదిలో ఒక అద్దాల అర ముందు నిలబెట్టాడు. లోపల జానెడు ఎత్తు బొమ్మ ఒకటి, గాలికి ఎగిరే జుట్టుతో, మెడ పక్కకి తిప్పి ఎవరినో చూస్తోంది. ఆయన అద్దం తలుపు తీసి, "పట్టుకుని చూడండి మేడమ్, పర్లేదు" అన్నాడు. నా చేతులు రెండూ వాటంతటవే వీపు వెనక్కి వెళ్ళిపోయి ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకున్నాయి. ఆయన నవ్వాడు. నాకు మాత్రం కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చేతులు అలా వెనక్కి పెట్టుకోవడం నాకు నేర్పింది మెట్టుగూడ అక్క. అక్క పోయి ఏడాది దాటింది.

సొంత అక్క కాదు. డిగ్రీ చేతిలో ఉన్నవాళ్ళందరూ హైదరాబాదు రైలెక్కేస్తున్న రోజుల్లో నేనూ శ్రీకాకుళం నుంచి ఎక్కేశాను. ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగు ఉద్యోగం దొరికింది. ఉండడానికి మెట్టుగూడలో, రైలు పట్టాలకి దగ్గరగా, ఒక ఇంటి వెనక గది దొరికింది. ఆ ఇంటాయన లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో లేత్ మిషను మీద పని చేసి రిటైరైన మనిషి. ఆయన కూతురే అక్క. నలభైకి దగ్గర పడుతున్న వయసు, పెళ్ళి చేసుకోలేదు, ఆవిడదీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగమే. పొద్దున్నే ఇద్దరి క్యాబులూ ఒకే సందు చివర ఆగేవి.

సామాన్లు దించుకున్న రోజునే హాల్లోకి అడుగు పెట్టి కొయ్యబారిపోయాను. ఒక గోడ పొడుగునా అద్దాల బీరువా. అందులో రెక్కలు విప్పిన రాక్షసులు, విల్లు లాగుతున్న ఆడవాళ్ళు, తోడేలు పక్కన కూర్చున్న పిల్ల, ఒళ్ళు చుట్టుకుని పడుకున్న పాము లాంటి డ్రాగన్. అద్దం మీద వేలు పెట్టబోయాను.

"ఏయ్, చేతులెనక్కి!"

అంత గట్టిగా నా మీద మా హెడ్మాస్టరు కూడా ఎప్పుడూ అరవలేదు. వెంటనే చేతులు వెనక్కి పెట్టేసుకున్నాను. అక్క తలకి తువ్వాలు చుట్టుకుని వంటింట్లోంచి వచ్చి, నా పక్కనే తనూ అలాగే చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడింది.

"ఏటక్కా, ఇవన్నీ పిల్లల బొమ్మలేనా?" అన్నాను.

"ముందుగాల ఏటి కాదు, ఏంది అను. పిల్లల బొమ్మలు కావు ఇవి. పిల్లల చేతికిస్తే పిల్లలు ఏడుస్తరు, నేను సుత ఏడుస్త."

అవి పెద్దవాళ్ళు దాచుకోవడానికి పెద్దవాళ్ళు చేసే బొమ్మలు. శిల్పి ముందు మైనంతోనో మట్టితోనో చేస్తాడు, దాన్ని అచ్చు పోసి, చేత్తో రంగులు వేసి, కొన్ని మాత్రమే తయారుచేసి ఆపేస్తారు. జపాను నుంచి, ఇంకా ఎక్కడెక్కడి నుంచో వచ్చేవి. కాళ్ళూ చేతులూ తిప్పి ఆడుకునే బొమ్మలు వేరే ఉంటాయి. అక్క వాటి జోలికి పోయేది కాదు. "కీలు పెట్టాలంటే మోకాలికాడ గీత పడాలె. గీత పడ్డదంటే అది కాలు కాదు, తలుపు" అనేది. ఆవిడ బొమ్మలన్నీ ఒకే ఒక్క భంగిమలో, జన్మంతా అలాగే ఉండిపోయేవి.

ఒకసారి వాళ్ళ ఆఫీసు నుంచి ఒకతను వచ్చి బీరువా ముందు చాలాసేపు తిరిగి, "అంతా బాగుంది గానీ, చెయ్యి కూడా కదలదా?" అని పెదవి విరిచాడు.

"గుడికి పోతే సుత గిట్లనే అడుగుతవా అన్నా, చెయ్యి కదలదా అని?" అంది అక్క. అతను మళ్ళీ రాలేదనుకోండి.

మాటకు మాట అప్పచెప్పడంలో అక్కది వేరే స్థాయి. ఎదురింటి పిన్ని ఒకామె ఉండేది. ప్రపంచంలోని ఏ విషయాన్నయినా తిప్పి తిప్పి పెళ్ళి దగ్గరికి తెచ్చేది. "పెండ్లి జేసుకుంటే నీ పిల్లలే ఆడుకుందురు గద వీటితోని" అందొకనాడు. "అందుకే జేసుకోలే పిన్నీ" అని అక్క ఆమె చేతిలో టీ గ్లాసు పెట్టింది. పిన్ని టీ తాగేసి వెళ్ళిపోయింది.

విదేశాల్లో పని ముగించుకుని వచ్చేవాళ్ళు ఆఫీసులో అందరికీ చాక్లెట్లు పంచేవారు. అక్క టీములో వాళ్ళు మాత్రం అక్కకి బొమ్మ పెట్టె మోసుకు రావాలి. పాపం ఒకతను పెట్టెలో చోటు చాలక తన చలికోటు అక్కడే స్నేహితుడికి ఇచ్చేసి వచ్చాడట. అక్క అతన్ని ఇంటికి పిలిచి పండగ భోజనం పెట్టింది. కానీ వచ్చిన పెట్టెని వచ్చిన రోజే విప్పేది కాదు. హాల్లో నీడపట్టున పెట్టి, "శానా దూరంకెళ్లి వచ్చిండు. అలిసిపోయుంటడు. ఇయ్యాల పండుకోనియ్" అనేది. నేను నవ్వితే, నవ్వనిచ్చి, మర్నాడు స్నానం చేసి వచ్చి అప్పుడు బ్లేడు తీసేది.

ఆదివారం బొమ్మల దుమ్ము దులిపే రోజు. చున్నీ ముక్కుకి అడ్డంగా కట్టుకునేది, ఊపిరి తగలకూడదని. బుగ్గలకి పౌడరు అద్దుకునే మెత్తటి కుంచె ఒకటి, నొక్కితే గాలి ఊదే రబ్బరు బుడ్డి ఒకటి, ఒక టార్చిలైటు, పళ్ళ డాక్టర్లు నోట్లో పెట్టి చూసే చిన్న అద్దం. ఇవి ఆవిడ సరంజామా. ఆ అద్దం ఎందుకో నాకు మొదట అర్థం కాలేదు. గొడుగు మడుస్తున్న అమ్మాయి బొమ్మ ఒకటుండేది. వాన ఇప్పుడే వెలిసినట్టు గొడుగు అంచున గాజు లాంటి చినుకులు వేలాడుతూ ఉండేవి. అక్క ఆ చిన్న అద్దాన్ని గొడుగు కిందికి పోనిచ్చి, టార్చి వేసి, "ఇప్పుడు సూడు" అంది. గొడుగు లోపలి గుడ్డ మీద, ఆవగింజంత ఆవగింజంత నీలం పువ్వులు. ప్రతి పువ్వుకీ రేకలున్నాయి.

"ఎవ్వరూ సూడని జాగల ఏసిండు. ఎందుకేసిండు చెప్పు? ఆ పిల్లకు తెలుసు గద, తన గొడుగు లోపట పువ్వులున్నయని."

నిజం చెప్పాలంటే బొమ్మల కంటే ఆవిడ చూసే తీరే నన్ను కట్టి పడేసింది. నేను రోజంతా ఆఫీసులో తప్పులు వెతికే పనే చేసేదాన్ని. అయినా అంత శ్రద్ధగా, అంత ప్రేమగా ఒక వస్తువు వంక ఎవరైనా చూడగా నేను చూడలేదు. గూడ్సు బండి పోతున్నప్పుడు ఇల్లంతా సన్నగా అదిరేది. మాట మధ్యలో ఉన్నా సరే అక్క ఆగిపోయి, లేచి వెళ్ళి, అరచెయ్యి అద్దానికి ఆనించి నిలబడేది. బండి దాటిపోయాక వచ్చి ఆపిన మాట దగ్గరే మళ్ళీ అందుకునేది.

ఆదివారాలు ఇలాంటి పిచ్చి ఉన్నవాళ్ళు ఇంకొంతమంది వచ్చేవారు. వాళ్ళలో కార్ఖానా అనే పేటలో చీరల కొట్టు నడిపే ఒకాయన, డ్రాగన్లు తప్ప ఇంకేవీ కొననని ఒట్టు పెట్టుకున్న మనిషి. సమోసాలు తెచ్చేవాడు. వాటిని వరండాలోనే తినేసి, సబ్బుతో చేతులు కడుక్కుని, అక్కకి చేతులు చూపించి లోపలికి రావాలి. అందరికీ అక్క ఒక్కో బొమ్మ గురించి విసుగు లేకుండా చెప్పేది. కొత్తవాళ్ళు వస్తే మొదటి నుంచి మొదలుపెట్టేది.

అలా అందరూ చూసేవారు. చూడని మనిషి ఒకే ఒక్కరు, ఆ ఇంట్లోనే ఉన్నారు.

పెదనాన్నగారు, అంటే అక్క నాన్నగారిని నేనలా పిలిచేదాన్ని, తన గదిలోంచి వరండాలోకి వెళ్ళాలంటే హాలు దాటాల్సిందే. దాటేటప్పుడు మొహం అటువైపు గోడకున్న క్యాలెండరు వైపు తిప్పుకుని వెళ్ళేవారు. తిట్టేవారు కాదు, వద్దనేవారు కాదు. పెళ్ళికాని పిల్ల బొమ్మలతో ఆడుకుంటుందని బస్తీలో నలుగురూ అనుకునే మాటలు ఆయన చెవిన పడ్డాయి, అంతే. ఆయన దాటి వెళ్తున్నంతసేపూ అక్క చేతిలోని కుంచె ఆగిపోయేది. వెళ్ళిపోయాక మళ్ళీ కదిలేది.

"ఎక్కడెక్కడోళ్లో వచ్చి నోరు తెరుసుకుని సూస్తరు. నాకు సంబురమే. కానీ సూడవల్సినాయన సూడడు" అందొకసారి. "ఒక్కసారి నిలబడి సూసి, మంచిగ లెవ్వు అన్నా సరే. సూస్తే సాలు." అంత సరదా మనిషి గొంతు అలా పడిపోవడం నేను అప్పుడే విన్నాను.

నేను ఊరికి వెళ్ళలేకపోయిన మొదటి దసరా అక్కడే చేసుకున్నాను. పెదనాన్నగారికి దసరా అంటే ఆయుధపూజే. వర్క్‌షాపులో ఉన్నన్నాళ్ళూ తన లేత్ మిషనుకి తన చేత్తోనే బొట్టు పెట్టేవారట. పొద్దున్నే తలంటు పోసుకుని, పళ్ళెంలో తడిపిన పసుపూ కుంకుమా పెట్టుకుని బయల్దేరారు. స్కూటరు, మిక్సీ, కుట్టుమిషను, సుత్తి, స్క్రూడ్రైవరు, అక్క కంప్యూటరు, ఒక్కటీ వదలలేదు. నా గది ముందుకు వచ్చి, "నీ ల్యాప్‌టాప్ సుత తే బిడ్డా, దానితోనే గద నీకు బువ్వ" అన్నారు. నా నోరు ఊరుకోదు కదా. "మరి వాటికి పెట్టరా పెదనాన్నగారూ?" అని బీరువా వైపు చూపించాను.

"పని జేసేటియి పనిముట్లు. అవేం పని జేస్తయ్ బిడ్డా?" అని పళ్ళెం తీసుకుని వెళ్ళిపోయారు. ఆ మాటలో కోపమేమీ లేదు. అక్క వంగి చీపురుతో ఊడ్చిన చోటే మళ్ళీ ఊడుస్తూ ఉండిపోయింది.

ఆ మరుసటి ఏడు వానల్లో అక్కకి జ్వరం పట్టుకుంది. కీళ్ళన్నీ బిగుసుకుపోయే మాయదారి జ్వరం. జ్వరం తగ్గింది గానీ నొప్పులు తగ్గలేదు. గ్లాసు పట్టుకోలేదు, పక్క మీంచి లేవలేదు. గాలి వస్తుందని మంచం హాల్లో వేశారు. "సూసినవా, కీళ్లుంటే గిదే లొల్లి. అందుకే చెప్పిన, కీళ్లు లేనియే మంచిగుంటయని" అని నన్ను నవ్వించబోయేది. ఆ నవ్వులో ఓపిక లేదు. కొన్నాళ్ళకి ఆ వేళాకోళం కూడా మానేసింది. గోడ వైపు తిరిగి పడుకునేది. జావ ఇస్తే వద్దని తల తిప్పేసేది. ఆఫీసు నుంచి ఫోన్లు వస్తే ఎత్తేది కాదు. పెదనాన్నగారు గ్లాసు పట్టుకుని అలా నిలబడే ఉండేవారు.

బీరువాలో దుమ్ము పేరుకుపోయింది. ఒక ఆదివారం నేను ధైర్యం చేసి, చున్నీ ముక్కుకి కట్టుకుని, కుంచె తీసుకున్నాను. గొడుగు పిల్లని రెండు చేతుల్లోకీ తీసుకుని, అక్క మంచం పక్కన స్టూలు మీద పెట్టి, జుట్టు మీద దుమ్ము దులపడం మొదలుపెట్టాను.

"కొసలకెళ్లి పైకి కాదే! పైనుంచి కిందికి!"

చూద్దును కదా, అక్క మోచెయ్యి మీద లేచి ఉంది. ఎన్నో రోజులుగా మేం ఇద్దరం పట్టి లేపితే తప్ప లేవని మనిషి. నొప్పికి మొహమంతా చెమటలు పట్టాయి, అయినా కళ్ళు బొమ్మ మీదే ఉన్నాయి. "టార్చి ఏది? గొడుగు లోపట దుమ్ముందా సూడు" అంది. గుమ్మంలో జావ గ్లాసుతో పెదనాన్నగారు నిలబడి ఉన్నారు. గ్లాసు స్టూలు మీద పెట్టి వెళ్ళిపోయారు. ఆ రోజు అక్క ఆ జావ తాగింది.

తర్వాత ప్రతి రోజూ ఒక బొమ్మ స్టూలు మీదకి వచ్చేది. మొదట మోచెయ్యి మీద లేచింది, తర్వాత కూర్చుంది, తర్వాత నా భుజం పట్టుకుని బీరువా దాకా నడిచింది. దసరా నాటికి మెల్లగా సందు చివరి గుడి దాకా వెళ్ళి రాగలిగింది.

ఆ దసరా పొద్దున అక్క గుడికి వెళ్ళింది. నేను తలంటుకుని జుట్టు తుడుచుకుంటూ హాల్లోకి వచ్చేసరికి బీరువా తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. పెదనాన్నగారు పళ్ళెం పట్టుకుని నిలబడి, విల్లు లాగుతున్నావిడ నుదుట పసుపు అద్ది, దాని మీద కుంకుమ పెడుతున్నారు.

తడి పసుపు ఆ రంగుల మీద పడితే ఏమవుతుందో అక్క నాకు వందసార్లు చెప్పింది. కానీ ఆపలేకపోయాను. ఎందుకంటే ఆయన పెడుతున్న తీరు అలా ఉంది. గొడుగు పిల్ల నుదురు ఆయన వేలికొసలో సగం కూడా లేదు. ఆయన ఆగి, ఆలోచించి, జేబులోంచి అగ్గిపుల్ల తీసి, దాని కొసతో అద్ది, ఊపిరి బిగబట్టి పెట్టారు. రాక్షసుడికీ పెట్టారు, తోడేలుకీ పెట్టారు. డ్రాగన్‌కి నుదురెక్కడో తెలియక కాసేపు తటపటాయించి, రెండు కళ్ళ మధ్యన పెట్టారు.

గుడి నుంచి అక్క వచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయింది.

"అన్నిటికీ పెట్టినవా నాయినా?" అంది.

"ఒక్కటి సుత వదల్లే" అన్నారాయన, పళ్ళెం దించుతూ. "పోయినేడాది నాకు తెల్వక అన్న బిడ్డా, ఇవేం పని జేస్తయని. నేను లేపితే లేవనిదానివి, డాక్టరు లేపితే లేవనిదానివి. ఇవి లేపి కూసోబెట్టినయ్ నిన్ను. గింత పని ఎవలు జేసిండ్రు మన ఇంట్ల?"

అక్క వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేను వెనకాలే పరిగెత్తాను. పంపు ముందు నిలబడి, గోడ వైపు తిరిగి వెక్కి వెక్కి ఏడుస్తోంది. నేను చెవి దగ్గరికి వెళ్ళి, "అక్కా, ఇంకా తడిగానే ఉంది. ఇప్పుడే నెమ్మదిగా తుడిచేస్తే మరక పడదేమో" అన్నాను.

అక్క కళ్ళు తుడుచుకుని నా వైపు తిరిగింది. "ముట్టినవంటే చేతులు ఇరగ్గొడ్త."

తన బొమ్మల మీద ఊపిరి కూడా పడనివ్వని మనిషి. తెలిసే అలా వదిలేసింది. ఆ క్షణంలో నాకు ఆవిడకి దండం పెట్టాలనిపించింది. పెట్టలేదు గానీ, ఇప్పటికీ తలుచుకుంటే అలాగే అనిపిస్తుంది.

సాయంత్రం కార్ఖానా చీరల కొట్టాయన జమ్మి ఆకు పట్టుకుని వచ్చాడు. దసరా సాయంత్రం జమ్మి ఆకుని బంగారమని పెద్దవాళ్ళ చేతిలో పెట్టి, కాళ్ళకి దండం పెట్టుకుంటారు అక్కడ. వరండాలో పెదనాన్నగారికి ఆకు ఇచ్చి దండం పెట్టి లోపలికి వచ్చాడు, బీరువా చూశాడు, నెత్తి మీద చేతులు పెట్టుకున్నాడు.

"అరే, ఏమైందక్కా ఇది? ఎవరు జేసిండ్రు గిట్ల? పసుపు పట్టిందంటే పెయింట్ ఇగ వదలదు. మొత్తం ఖరాబ్!"

అక్క కళ్ళతో సైగ చేస్తూనే ఉంది, ఆయన చూసుకోలేదు. పెదనాన్నగారు చేతిలో జమ్మి ఆకుతోనే గుమ్మంలోకి వచ్చారు.

"ఖరాబైనయా బిడ్డా?"

"ఏం కాలే నాయినా. ఆయన ఊకెనే పరేషాన్ అయితుండు."

ఆయన నమ్మలేదు. వర్క్‌షాపు మనిషి, ఏది పాడైందో ఏది కాలేదో మొహాలు చూసి చెప్పగలరు. గబగబా లోపలికి వెళ్ళి తడిగుడ్డ పట్టుకొచ్చారు. అక్క నొప్పి కాళ్ళతోనే లేచి వెళ్ళి ఆయనకీ బీరువాకీ మధ్య నిలబడింది.

"వద్దు నాయినా. ఇన్నేండ్లు ఇవి నా ఒక్కదానియే ఉండె. ఇయ్యాల ఇంటోళ్లయినయ్. తుడవకు."

గుడ్డ ఆయన చేతిలోంచి అక్క తీసుకుంది. చీరల కొట్టాయన తల దించుకుని, సమోసాల పొట్లం వరండాలో మరిచిపోయినట్టు నటిస్తూ వెళ్ళిపోయాడు. ఆ బొట్లు అక్క పోయేదాకా అలాగే ఉన్నాయని తర్వాత విన్నాను.

పెదనాన్నగారు స్టూలు లాక్కుని బీరువా ముందు కూర్చుని, జేబులోంచి కళ్ళద్దాలు తీసి పెట్టుకున్నారు. కింది అరలో ఒక ముసలి యోధుడి బొమ్మ ఉండేది. ఒక మోకాలి మీద కూర్చుని, వంగి, కాలి చెప్పు తాడు పట్టుకుని ఉంటాడు. పెదనాన్నగారు ముందుకు వంగి దాన్నే చూస్తూ, "గీ ముసలాయన ఎవలు బిడ్డా?" అన్నారు.

ఊరందరికీ చెప్పిన మనిషి. దారిన పోయేవాళ్ళని పిలిచి మరీ చెప్పిన మనిషి. అక్క నోరు తెరిచింది, మాట రాలేదు. ఆయనేమో తల ఎత్తి ఎదురు చూస్తున్నారు. నాకు చూడబుద్ధి కాలేదు. పోనీ నేను అందుకుందామని గొంతు సవరించుకున్నాను.

"అతను యోధుడు పెదనాన్నగారూ. యుద్ధానికి బయల్దేరుతున్నాడు. అందుకే చెప్పు తాడు బిగించి కట్టుకుంటున్నాడు."

"కాదు!"

అక్క కన్నీళ్ళ మధ్య నుంచే నన్ను పక్కకి తోసేసి, ఆయన పక్కన నేల మీద కూలబడింది.

"దానికేం తెల్వదు, నేను జెప్త విను నాయినా. కట్టుకుంటలేడు, విప్పుతుండు. ముడి సూడు, వదులైంది. పాదం మీద మట్టి సూడు. ఇంటికొచ్చిండు."